విదేశమున పెట్టుబడి, స్వదేశమున పొలము
(వార్షిక మహాసభ సందర్భమున విజయవాడలో గావించిన యుపన్యాసము)



 మాకు నిర్ణయింపబడిన విషయము "విదేశములలో పెట్టుబడి పెట్టి స్థిరపడుట". మన పెద్దలు తమ సభలలో బాలికల విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు తీర్మానములు గావించిరి. నేడు మన యిండ్లలో రాత్రి భోజనానంతరము జరుగు ప్రసంగము వేరు. ఎనిమిది లక్షల డాలర్లు ఎట్లు సమకూర్చవలెను? ఏ చెక్క అమ్మవలెను? ఎవరి వ్రాలు కావలెను? ఇంటింట నడుచు నీ ప్రసంగము సభకు రాకుండుట మేలుకాదని తలచి మేమీ భారమును వహించితిమి.

మేము న్యాయవాదులము కాము, ధనవ్యాపారులమును కాము. గడచిన కొన్ని యేండ్లుగా దస్తావేజుల సంచులతో సంఘ కార్యాలయమునకు వచ్చి సలహా యడుగు కుటుంబములతో కూర్చుండి, వారి కాగితములు చదివి, వారి మాటలు వినుచున్నవారము. అచ్చట తెలిసికొన్నదానినే ఇచ్చట మనవి చేయుదుము.

వలస మనకు క్రొత్త కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిదప ఈ డెల్టాలో ధాన్యము మిగిలినది. ధాన్యము వెంట ధనము మిగిలినది. ఆ మిగులే మనవారిని బియ్యపు మిల్లులకును, చక్కెర కర్మాగారములకును, ముద్రణాలయములకును, చలనచిత్ర నిర్మాణమునకును నడిపినది. 1923లో మొదలిడి 1931 నాటికి మంజీరా నదిపై నిజాంసాగరము కట్టబడగా, కృష్ణా గుంటూరు మండలముల రైతులు నిజామాబాదు ప్రాంతమునకు తరలిపోయి బోధను, వర్ని ప్రాంతములలో ఊళ్లు కట్టుకొనిరి. 1953లో తుంగభద్ర ఆనకట్ట నిలిచిన పిమ్మట గంగావతి, సింధనూరు ప్రాంతములకు పోయిరి. ఆ యూళ్లను నేటికిని "క్యాంపులు" అనియే పిలుచుచున్నారు.

ఆ పోయిన విధానమును కొంచెము చూడుడు. మొదట ఒకడు పోవును. నేల చూచును, కాలువ చూచును, కరణమును కలసికొనును. కౌలుకు తీసికొని ఒక సార్వా పండించి చూచును. పండినచో ఇచ్చట ఎకరమమ్మి అచ్చట నాలుగెకరములు కొనును; తక్కిన భూమి నట్లే ఉంచుకొనును. రెండవ యేట బావమరిదికి ఉత్తరము వ్రాయును. బావమరిది ఆ యుత్తరమును నమ్మి బయలుదేరును. ఆ నమ్మకమునకు కారణము ఇరువురును ఒక కులమువారగుట మాత్రము కాదు. వ్రాసినవాని సొమ్ము ఆ పొలములో నున్నది. పంట పోయినచో అతనిదియు పోవును. ఈ మాటను దయచేసి జ్ఞాపకముంచుకొనుడు. మా యుపన్యాసమంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

సముద్రము దాటిన పెట్టుబడికి వేరొక భయము కలదు. బర్మాలో మన తెలుగువారు రంగూను రేవులో మూటలు మోసిరి; తమిళదేశపు నాట్టుకోట్టై శెట్లు అప్పులిచ్చిరి. 1930 తరువాత ధాన్యపు ధర పడిపోగా, అప్పు తీర్పలేని రైతుల భూములు వారి చేతికి వచ్చి, 1938 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి మండలములలో నాలుగవ వంతు భూమి వారిదయ్యెను. కాని 1942లో జపాను సేనలు వచ్చినవి. 1948లో భూముల జాతీయకరణ చట్టము వచ్చినది. 1963, 1964 సంవత్సరములలో దుకాణములును బ్యాంకులును ప్రభుత్వపరమైనవి. వారు తిరిగి ఓడ యెక్కునప్పుడు పత్రములు చేతనుండెను గాని పొలములు లేవు. మన కాలములోనే, బెంగుళూరు కేంద్రముగాగల కరుటూరి సంస్థ ఇథియోపియాలోని గంబెల్లా ప్రాంతమున లక్ష హెక్టారులు కౌలుకు తీసికొనెను. 2011లో బారో నది పొంగి మొక్కజొన్న మునిగిపోయెను. 2015 చివర ఆ ప్రభుత్వము కౌలును రద్దుచేసెను. పరదేశమున పెట్టుబడికి నేలయు నీరును చాలవు. ఆ దేశపు రాజ్యము యొక్క మనస్సును చూడవలయును.

ఇక అమెరికా విషయము. 1965 చట్టము తరువాత పోయిన మన వైద్యులును ఇంజనీర్లును పొలమమ్మి పోలేదు; విద్యయే వారి పెట్టుబడి. ఉద్యోగము చేసి, కూడబెట్టి, తరువాత తమ వైద్యశాలలు, తమ కంపెనీలు స్థాపించుకొనిరి. నేటి బిడ్డల స్థితి వేరు. హెచ్-1బి వీసాపై పనిచేయుచు, గ్రీన్‌కార్డునకై యేండ్ల తరబడి వరుసలో నిలిచియున్నారు. ఏ యొక్క దేశమున పుట్టినవారికిని ఏటేటి కార్డులలో నూటికి ఏడు పాళ్లకు మించరాదను నియమముచే భారతీయుల వరుస మిక్కిలి దీర్ఘమైనది. ఈలోగా, వారి వెంట పోయిన పిల్లలకు 21 సంవత్సరములు నిండినచో సాధారణముగా తల్లిదండ్రుల దరఖాస్తులో స్థానము పోవును. ఆ భయముతో కుమారుడు రాత్రి ఫోను చేయును. ఇచ్చట తండ్రి నిద్రపోడు. కావున ఈ కోరికను దురాశయని మేమనజాలము.

ఆ భయమునకు మందుగా చూపబడునది ఇ.బి.-5 అను పద్ధతి. 1990 సంవత్సరపు వలస చట్టముచే ఇది యేర్పడినది. పెట్టుబడి పెట్టినవాడు అచ్చట పదిమందికి పూర్తికాలపు ఉద్యోగములు కల్పింపవలయును. మొదట రెండేండ్లకు షరతులతో కూడిన కార్డు నిత్తురు. షరతులు నెరవేరినట్లు ఋజువైన పిదప స్థిరమైన కార్డు నిత్తురు. వెనుకబడిన ప్రాంతములకు తొలుత ఐదు లక్షల డాలర్లుండెను. 2019 నవంబరులో తొమ్మిది లక్షలు చేసిరి. 2021 జూనులో న్యాయస్థానము దానిని కొట్టివేసెను. 2022 మార్చి చట్టము ఎనిమిది లక్షలని నిర్ణయించెను. అనేకుల సొమ్మును ఒకచోట చేర్చు ప్రాంతీయ కేంద్రముల పద్ధతి 2021 జూన్ 30న గడువు తీరి, 2022 మార్చి వరకు ఆగిపోయెను. ఆ నడుమ సొమ్ము కట్టినవారు తొమ్మిది నెలలు దిక్కుతోచక యుండిరి.

ఈ చట్టములో మనవారు గ్రహింపవలసిన మాట యొకటి కలదు. పెట్టిన సొమ్ము నష్టభయమునకు లోబడి యుండవలయునని చట్టమే విధించుచున్నది. "అసలు తప్పక తిరిగి యిత్తుము" అని హామీ యిచ్చినచో అది చట్టదృష్టిలో పెట్టుబడియే కాదు. అనగా విజయవాడ హోటలులో కాఫీ, పలహారములిచ్చి "మీ అసలుకు మాది పూచీ" అని చెప్పు ఏజెంటు, ఆ చట్టమును చదువనివాడైనను కావలెను, చదివి దాచువాడైనను కావలెను. మూడవ దారి లేదు.

సొమ్ము పంపు విధమును చూతము. ఎనిమిది లక్షల డాలర్లనగా 2025 నాటి మారకమున సుమారు ఏడు కోట్ల రూపాయలు. నిర్వాహక రుసుములు, న్యాయవాదుల రుసుములు వేరు. రిజర్వు బ్యాంకు నియమము ననుసరించి ఒక్కొక్కరు ఒక ఆర్థికసంవత్సరమున రెండు లక్షల యేబదివేల డాలర్లకు మించి పంపరాదు. ముగ్గురు పంపినను ఏడు లక్షల యేబదివేలే. నాలుగవ వ్యక్తి కావలెను, లేదా మార్చి 31 దాటువరకు వేచియుండవలెను. 2025 ఏప్రిలు నుండి పది లక్షల రూపాయలకు పైబడిన ఇట్టి సొమ్ముపై నూటికి ఇరువది చొప్పున బ్యాంకు ముందుగానే పన్ను పట్టుచున్నది. ఏడు కోట్లపై ఆ పట్టు కోటి రూపాయలకు మించును. లెక్కలు దాఖలు చేసిన పిదప అది తిరిగి రాదగినదే. కాని అంతవరకు ఆ కోటి ఎవరు సమకూర్తురు? ఈ ప్రశ్న నడిగినప్పుడు మా యెదుట కూర్చున్న రైతులలో పలువురు మౌనము వహించిరి. వారికెవ్వరును చెప్పియుండలేదు.

మరి, సొమ్ము న్యాయార్జితమని ఆద్యంతము ఋజువు చూపవలయును. ఇచ్చటనే మన పాత అలవాటు మన మెడకు చుట్టుకొనుచున్నది. పొలము ఒక ధరకు అమ్మి, దస్తావేజులో ప్రభుత్వపు విలువ మాత్రమే వ్రాయించి, తక్కినది చేతికి పుచ్చుకొనుట మనలో సామాన్యము. అమెరికా అధికారికి చూపదగినది దస్తావేజులోని అంకె మాత్రమే. సంచిలోని నోట్లకు అచ్చట విలువ లేదు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానమైన హక్కు 1986లో మన రాష్ట్రపు సవరణచేతను, 2005లో దేశమంతటి సవరణచేతను స్థిరపడినది. అయినను "ఆడపడుచు ఏమనును లే" అని ఆమె వ్రాలు లేకుండ బేరము కుదుర్చుకొని వచ్చినవారిని మేము చూచితిమి. ఆమె ఏమియు ననకపోవచ్చును, దస్తావేజు మాట్లాడును.

ఆ కార్డు ఎవరికి వచ్చును? కుమారునికి, అతని భార్యకు, 21 ఏండ్లలోపు అవివాహిత సంతానమునకు. పొలమమ్మిన తల్లిదండ్రులకు రాదు. వారిని పిలిపించుకొనుటకు కుమారుడు అమెరికా పౌరుడు కావలయును. దానికి సాధారణముగా కార్డు వచ్చిన పిదప ఐదేండ్లు పట్టును. అతడు అచ్చటి పౌరుడైన నాడు, 1955 పౌరసత్వ చట్టము ప్రకారము భారత పౌరసత్వము పోవును. విదేశమున స్థిరపడినవాడు, భారత పౌరుడైనను కాకున్నను, ఇచ్చట పంటభూమిని కొనరాదు. తండ్రినుండి వారసత్వముగా మాత్రము పొందవచ్చును. కావున ఉంచిన పొలము అతనికి చేరును. అమ్మిన పొలమును అతడు కోట్లు గడించినను తిరిగి కొనలేడు. మనము గుండె మీద చేయివేసికొని తలచుకొనవలసిన భేద మిదియే.

ఇతర దేశముల ద్వారములును అట్టివే. కెనడా తన పెట్టుబడిదారుల పద్ధతిని 2014లో మూసివేసెను. ఇంగ్లాండు 2022 ఫిబ్రవరిలోను, ఆస్ట్రేలియా 2024లోను మూసినవి. అమెరికాకు ఇ-2 అను వ్యాపారపు వీసా కలదు గాని, మన దేశముతో దానికి ఒడంబడిక లేదు. గ్రెనడా దీవి పౌరసత్వము కొని ఆ దారిని పోవచ్చునని కొందరు బోధించుచున్నారు. అట్లు కొన్న పౌరసత్వమునకు మూడేండ్ల నివాసము కావలయునని 2022 డిశంబరులో అమెరికా నియమించెను. ఆ దీవి పౌరుడైననాడు భారత పౌరసత్వము పోవుననుట వేరుగా చెప్పనక్కరలేదు.

మేము చూచిన యొక కుటుంబము మాట చెప్పుదుము. గుడివాడ ప్రాంతపు రైతు, అతని భార్య, కుమారుడు, కుమార్తె. కుమారుడు పదునాలుగేండ్లుగా అమెరికాలో నున్నాడు. అతని పెద్దబిడ్డకు పందొమ్మిది నిండినవి. వారు మోసపోలేదని ముందే మనవి చేయుచున్నాము. దస్తావేజు పూర్తి ధరకు వ్రాయించిరి. కుమార్తె తన యిష్టముతో వ్రాలు చేసెను. సొమ్ము సక్రమముగా పోయెను. కుమారునికి షరతుల కార్డు వచ్చెను. మనుమరాలి చదువు నిలిచెను. అందరును సంతోషించిరి; మేమును సంతోషించితిమి.

ఆ తండ్రి నేడు విజయవాడలో అద్దె యింట నున్నాడు. ఆషాఢములో ఊడ్పులు మొదలైన నాడు తెల్లవారుజామున బస్సెక్కి తన యూరికి పోయి, తానమ్మిన చేని గట్టుపై నిలుచుండెనట. కొన్నవాడు మర్యాదస్థుడు, "రండి బాబాయిగారూ, మీ చేనే గదా" అని పిలిచెనట. ఈయన గట్టు దిగలేదు. తిరుగుబస్సులో మా కార్యాలయమునకు వచ్చి, కాళ్ల బురద బయట కడుగుకొని, లోపల కూర్చుండి, "నేను చేసినది తప్పా?" అని యడిగెను. తప్పని మేమనలేదు. అతని కొక మనుమరాలు కలదు. కాని "ఇల్లును, రెండెకరములును ఉంచుకొనవలసినదని నాకు ముందుగా ఒక్కరైనను చెప్పలేదే" అని అతడన్నప్పుడు మేము తల వంచుకొంటిమి. ఆ మాట చెప్పవలసినవారు మనము. ఏజెంటు చెప్పడు. రెండెకరములు మిగిలినచో అతని బేరము కుదరదు.

ఆ ఏజెంటు ఎవరు? మనవాడే. మన పెండ్లిండ్లకు వచ్చువాడే. "మనవాడు గదా" అని నమ్మితిమని ఆ రైతు చెప్పెను. నిజాంసాగరమునుండి వచ్చిన ఉత్తరమునకును, ఈతని మాటకును గల భేదమును చూడుడు. ఆ యుత్తరము వ్రాసినవాని సొమ్ము ఆ పొలములో నుండెను. ఈతని సొమ్ము అందు లేదు. మన సొమ్ములో అతనికి పాలు కలదు. బంధుత్వము బీజము వంటిది. నష్టములో పాలు అను నేలలో పడిననే నమ్మకమై మొలచును. కులాభిమానము పరిశీలనకు బదులు కానేరదు. అట్టి పరిశీలన ఎంత యవసరమో అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రపు జే పీక్ వ్యవహారము చూపుచున్నది. మంచుకొండపై హోటళ్లు కట్టుదుమని డెబ్బదికి పైగా దేశములవారినుండి ముప్పదియైదు కోట్ల డాలర్లకు పైగా ఈ ఇ.బి.-5 క్రిందనే పోగుచేసిరి. 2016 ఏప్రిలులో అచ్చటి ప్రభుత్వసంస్థ ఆ నిర్వాహకులపై వ్యాజ్యము వేసెను. 2022లో వారికి కారాగారశిక్షలు పడినవి. ఆ రాష్ట్రపు ప్రభుత్వమే తోడున్నదని నమ్మినవారును అందు మునిగిరి.

కేవలము కీడే చెప్పి ముగింపజాలము. తనకు వచ్చిన వృత్తితో సముద్రము దాటువాడు ధన్యుడు. ఇచ్చట ఊరగాయలో, అప్పడములో, మందులో తయారుచేసి, లెక్కలు శుద్ధముగా నుంచుకొని, అచ్చట కొనువారిని వెదకుకొని, తన కంపెనీ శాఖను తెరచి, తాను పోయి నిలుచుండువానికి వేరు వీసాలున్నవి. అది ఆలస్యమగు మార్గము. అయినను వాని చేతిలో నుండునది వ్యాపారము. ఒక దేశపు చట్టము మారినను ఆ నేర్పు వానితోనే యుండును. మన పూర్వులు తుంగభద్రకు మోసికొనిపోయినది మూటలోని రూపాయలు మాత్రమే కాదు. నీరు కట్టుటయు, నారు పోయుటయు నెరిగిన చేతులు.

కావున ఈ సభ యెదుట నాలుగు ప్రతిపాదనలు ఉంచుచున్నాము.

మొదటిది: సంఘము ఒక సలహాసంఘమును నియమింపవలయును. అందొక న్యాయవాది, ఒక ఆడిటరు, విదేశమున నిజముగా వ్యాపారము చేసి తిరిగివచ్చినవారొకరు ఉండవలయును. వారిలో నెవ్వరును ఏ పథకమునుండియు ప్రతిఫలము పుచ్చుకొనరాదు.

రెండవది: ఏ కుటుంబమైనను బేరమునకు ముందు ఏజెంటు నొక కాగితము నడుగవలయును. ఇ.బి.-5 పెట్టుబడులను ప్రచారము చేయువారు ప్రభుత్వమున పేరు నమోదు చేసికొని, తమకు ముట్టు రుసుమును వ్రాతమూలముగా తెలుపవలెనని 2022 చట్టము విధించినది. ఆ కాగితము ఈయనివానికి నమస్కారము పెట్టి పంపివేయుడు.

మూడవది: తల్లిదండ్రుల పేర నివాసగృహమును, వారి భుక్తికి చాలిన భూమిని విడిచిన పిదపనే తక్కినదానిని గూర్చి మాటలాడవలయును. కుమార్తెను వ్రాలుకు పిలుచుటకు ముందే ఆలోచనకు పిలువవలయును.

నాలుగవది కొంచెము కష్టమైనది. మన సంఘపు హాలును ఇట్టి పథకముల ప్రచారసభలకు అద్దెకీయరాదు. మన సంచికలో వాటి ప్రకటనలు వేయరాదు. ప్రకటనల సొమ్ముతోనే యీ సంచిక వెలువడునని మేమెరుగుదుము. ఆ పుటలకు వారు హెచ్చు ధర నిత్తురనియు నెరుగుదుము. కాని మన సంచికలో ప్రకటన చూచిన రైతు దానిని ప్రకటనగా చదువడు. సంఘపు మాటగా చదువును. అతని పొలములో మన సొమ్ము లేదు గదా! అట్టియెడ మన పేరును పూచీగా పెట్టుటకు మనకేమి హక్కు కలదు? పుటలు తగ్గినను తగ్గనిండు. లోటును పూడ్చుటకు మా వంతు చందా మేమీ వేదికపైననే చెల్లించుచున్నాము.

పోవువారు పోవుదురు గాక. పోయి వర్ధిల్లుదురు గాక. వారి వెనుక ఒక యిల్లును, ఒక చేను గట్టును మిగిలియుండునట్లు చూచుట మన విధి. ఆ గట్టుపై నిలిచిన పెద్దమనిషి "ఇది నాదే" అని దిగగలుగవలెను.